ప్రపంచపు కాలిబంతి జాతర: ఆతిథ్యపు వేలంపాట చరిత్ర



నేటి నా ప్రసంగవిషయమును వినగానే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. అమరకోశమును, బాలవ్యాకరణమును చదివికొని, ఆదోని ప్రాంతపు పల్లెలలో పిల్లలకు పద్యములు వల్లెవేయించి, నేడు పింఛను పుచ్చుకొనుచున్న ముసలివానికి ఫుట్‌బాలు ఆటతో పనియేమని అడుగవచ్చును. పనిని కల్పించినవాడు మా వీధి కుఱ్ఱవాడు. 2022వ సంవత్సరము చివర ఖతారు దేశమున ప్రపంచపు పోటీలు జరుగుచుండగా, మా అరుగుమీద పిల్లలు గుమిగూడి అర్ధరాత్రి దాటువఱకు చేతిఫోనులో ఆట చూచుచుండిరి. వారిలో ఒకడు, “సారూ! అంత చిన్న దేశమునకు అంత పెద్ద జాతర ఎట్లు వచ్చినది? ఎవరిచ్చిరి?” అని నన్నడిగెను. నాకు తెలియలేదు. తెలియని సంగతిని తెలియదని చెప్పి, తరువాత చదివి తెలిసికొనుట ఉపాధ్యాయుని ధర్మము గనుక చదివితిని. చదివిన కొలదియు ఇది ఆటల కథ కాదనియు, వేలంపాట కథ యనియు నాకు తోచినది. వేలంపాట సంగతి మీకు నాకంటె బాగుగా తెలియును గావున, ఆ కథను మీయెదుట పెట్టుచున్నాను.

మన సీమలో వేలము రెండు విధములు. ఆదోని మార్కెట్టులో రైతు పత్తి తెచ్చి దించును. వర్తకులు ధర చెప్పుదురు. ఎక్కువ చెప్పినవానిది సరకు. ఎమ్మిగనూరున సంక్రాంతి దినములలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగును. అట్టి జాతరలు జరుగు ఊళ్ళలో అంగళ్ళ స్థలములకును, టెంకాయల అమ్మకమునకును నలుగురెదుట పాట పాడుట మీరెఱిగినదే. ఇది మొదటి విధము. పూర్వము పశువుల సంతలలో మఱియొక విధముండెడిది. బేరగాండ్రిద్దఱు తువ్వాల క్రింద చేతులు కలిపి, వ్రేళ్ళు పట్టి ధర తెలుపుకొనెడివారు. ప్రక్కనున్నవానికి తువ్వాల కదలుట కనబడునుగాని ధర తెలియదు. ఈ రెండు విధములను మనసునందుంచుకొని వినుడు.

కాలిబంతి ఆటకు పెద్ద యిల్లు ఫీఫా యను అంతర్జాతీయ సంఘము. ఇది 1904 మే 21వ తేదీన ప్యారిసు నగరమున ఏడు ఐరోపా దేశముల సంఘములచే స్థాపింపబడెను. 1921లో దీనికి అధ్యక్షుడైన జూల్సు రిమే యను ఫ్రెంచివాని పూనికవలన 1930లో మొదటి ప్రపంచపు పోటీ దక్షిణ అమెరికాయందలి ఉరుగ్వే దేశమున జరిగెను. ఆ చిన్న దేశమునకు అది ఎట్లు లభించెను? తమ రాజ్యాంగమునకు నూఱేండ్లు నిండిన ఉత్సవసమయమున, వచ్చెడి జట్ల ఓడప్రయాణపు ఖర్చును, బసఖర్చును తామే భరింతుమనియు, రాజధానిలో క్రొత్త క్రీడాంగణము కట్టింతుమనియు వారు చెప్పిరి. అయినను పదుమూడు జట్లే వచ్చినవి. ఐరోపానుండి నాలుగే వచ్చినవి. అతిథికి బండి కట్టించి పిలుచుకొనివచ్చి అన్నము పెట్టుట తప్పుకాదు. కాని పెద్దలారా! “మా యింటికి రండు, మీ ఖర్చు మాది” యను మాట ఈ కథలో మొదటినుండియు ఉన్నదని గమనింపుడు. ఆ మాటయే పెరిగి పెరిగి తుదకు ఏ రూపము దాల్చెనో మున్ముందు తెలియును.

నాలుగు దశాబ్దములు ఈ పోటీ గౌరవమునకై జరిగెను. 1950లో బ్రెజిలు దేశమున జరిగిన పోటీలకు మన దేశము అర్హత పొందియు పోలేదు. ఆ కాలముననే హైదరాబాదునందలి బడిపంతులొకడు, సయ్యదు అబ్దుల్ రహీము, భారతజట్టునకు శిక్షకుడాయెను. ఆయన శిక్షణలో మన జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. 1956 మెల్బోరను ఒలింపిక్కులలో నాలుగవ స్థానము పొందెను. నావంటి బడిపంతుళ్ళకు గర్వకారణమైన ఈ ఫలితములు పెద్ద భవనములవలన రాలేదు. పిల్లలకు చెప్పిన పాఠమువలన వచ్చినవి. ఈ మాటకు మరల వత్తును.

1974లో బ్రెజిలు వాడైన జోవావో హావెలాంజి ఫీఫా అధ్యక్షుడాయెను. టెలివిజను వ్యాపించుచున్న కాలమది. ఆటను ప్రసారముచేయు హక్కును, మైదానముచుట్టు ప్రకటనల పలకలు నిలుపు హక్కును అమ్మిన కోట్లు వచ్చునని అప్పుడు తెలిసెను. 16 జట్ల పోటీ 1982లో 24 జట్లకును, 1998లో 32 జట్లకును పెరిగెను. 2026 పోటీకి 48గా నిర్ణయించిరి. ఇట్టి హక్కుల బేరమునకే 1982లో స్విట్జర్లాండున ఐ.ఎస్.ఎల్. అను కంపెనీ పుట్టి, 2001లో దివాలా తీసెను. దివాలా తీసినవాని చిట్టా బయటపడక మానదు గదా! 1989 నుండి 2001 వఱకు ఆ కంపెనీ క్రీడాసంఘముల పెద్దలకు 13 కోట్ల 80 లక్షల స్విస్ ఫ్రాంకులు ముట్టజెప్పినట్లు కోర్టులో తేలెను. హావెలాంజికి కనీసము 15 లక్షల ఫ్రాంకులును, ఆయనకు అల్లుడుగా నుండిన రికార్డో తెషేరాకు కోటి ఇరువది లక్షలకు పైగా ఫ్రాంకులును ముట్టినట్లు 2012లో వెల్లడియైన పత్రములు చెప్పినవి. ఆ సొమ్ము పుచ్చుకొన్న కాలమున అట్టి వర్తకపు లంచము స్విస్ చట్టము ప్రకారము నేరమే కాదు! దొంగతనము నిషేధము కాని ఊరిలో తలుపునకు గడియ యేల?

ఇక ఆతిథ్యపు వేలము ఎట్లు జరుగుచుండెనో చెప్పెదను. ప్రపంచమందలి రెండువందలకుపైగా దేశముల సంఘములకు ఫీఫాలో సభ్యత్వము కలదు. కాని పోటీ ఏ దేశమున జరుగవలెనో నిర్ణయించువారు కార్యనిర్వాహకవర్గపు ఇరువదినలుగురే. వోటు రహస్యము. అనగా మన పశువుల సంతలోని తువ్వాల. ఇరువదినలుగురిలో పదుముగ్గురిని తృప్తిపఱచిన చాలును, ప్రపంచమును తృప్తిపఱుపనక్కఱలేదు. వోటుదారులు కొలదిమందియై, వారి వోటు చీకటిలో నుండి, బహుమానము మాత్రము కొండంతయైనచోట లంచము పుట్టుటకు మనుష్యులు ప్రత్యేకముగా దుర్మార్గులు కానక్కఱలేదు. సామాన్యులైనను చాలును.

2000 జూలైలో, 2006 పోటీకొఱకు జర్మనీయు దక్షిణాఫ్రికాయు తుదివఱకు నిలిచినవి. జర్మనీకి పండ్రెండు, దక్షిణాఫ్రికాకు పదునొకండు వోట్లు వచ్చెను. ఇరువదినాల్గవవాడైన న్యూజీలాండు వృద్ధుడు చార్లెసు డెంప్సీ తుదివిడతలో వోటు వేయక ఊరకుండెను. దక్షిణాఫ్రికాకు వేయుమని తన ప్రాంతపు సంఘమువారు చెప్పియుండిరి. కాని భరింపరాని ఒత్తిడి వచ్చినదని ఆయన చెప్పెను. ఆ ముందటి రాత్రి జర్మనీ హాస్యపత్రిక యొకటి, జర్మనీకి వోటు వేసినచో పందిమాంసపు బుట్టయు, కోయిల గడియారమును ఇత్తుమని పరిహాసమునకు సభ్యులకు ఉత్తరములు పంపినది. నవ్వులాట నిజమువలె కనబడినదన్నచో, ఆ సభ ఎట్టి స్థితిలో నుండెనో ఊహించుకొనుడు.

2004లో దక్షిణాఫ్రికా 14-10 వోట్లతో మొరాకోను ఓడించి 2010 పోటీని పొందెను. పిమ్మట ఫీఫా ద్వారమున కోటి డాలర్లు ట్రినిడాడు వాడైన జాక్ వార్నరు చేతికి చేరినవి. అది వోటునకు ప్రతిఫలమని అమెరికా ప్రభుత్వపు అభియోగము. విదేశములందలి ఆఫ్రికా సంతతివారి మేలుకొఱకిచ్చిన విరాళమని దక్షిణాఫ్రికావారి సమాధానము. అమెరికా సభ్యుడు చక్ బ్లేజరు మాత్రము 1998, 2010 పోటీల నిర్ణయములలో లంచములకు సమ్మతించినట్లు 2013లో కోర్టునందు తానే ఒప్పుకొనెను.

2010 డిసెంబరు 2వ తేదీన జూరిచ్ నగరమున ఒకే దినమున రెండు పోటీలు పంచిరి: 2018ది రష్యాకు, 2022ది ఖతారునకు. పత్రికలవారు మాఱువేషమున చేసిన పరీక్షలో వోటు అమ్మజూపిరను ఆరోపణపై ఇద్దఱు సభ్యులు అంతకుముందే తొలగింపబడుటచే ఇరువదిద్దఱే వోటు వేసిరి. ఖతారు వేసవి యెండ ఆటకు అపాయకరమని ఫీఫా పరీక్షకులే వ్రాసియుండిరి. అయినను తుదివిడతలో ఖతారునకు 14, అమెరికాకు 8 వోట్లు వచ్చెను. ఇంగ్లండు రెండుకోట్ల పౌండ్లకుపైగా ప్రయత్నమునకు ఖర్చుచేసి రెండు వోట్లు పొందెను. ఆస్ట్రేలియా నాలుగున్నర కోట్లకుపైగా తన డాలర్లు ఖర్చుచేసి ఒక్క వోటు పొందెను. ఎండకు వెఱచి తుదకు పోటీనే చలికాలమునకు మార్చిరి. మా పిల్లలు సంక్రాంతికి ముందు ఆట చూచుటకు కారణమిదియే.

2015 మే 27వ తేదీ తెల్లవాఱుజామున జూరిచ్‌లోని పెద్ద హోటలులో ఏడుగురు అధికారులను స్విస్ పోలీసులు పట్టిరి. అమెరికావారి అభియోగపత్రమున పదునలుగురి పేర్లుండెను. ఇరువదినాలుగేండ్లలో పదిహేనుకోట్ల డాలర్లకుపైగా లంచములు నడిచెనని అందు వ్రాసిరి. ఇందు పెద్దభాగము ప్రసారహక్కుల లంచము. రష్యా, ఖతారు వోట్లకును లంచము ముట్టినదని 2020లో అమెరికా న్యాయవాదులు వ్రాసిరి. ఆ రెండు దేశములును కాదన్నవి. అధ్యక్షుడు బ్లాటరును, ప్లాటినీయు ఇరువదిలక్షల ఫ్రాంకుల చెల్లింపు విషయమున ఫీఫాచే నిషేధింపబడిరి. స్విస్ న్యాయస్థానము 2022లోను, మరల 2025లోను వారిని నిర్దోషులనెను. ఒప్పుకొన్నది వేఱు, ఋజువైనది వేఱు, ఆరోపింపబడినది వేఱు. పెద్దమనుష్యులుగా పంచాయితీ చెప్పువారికి ఈ భేదము తెలియును గావున విడదీసి చెప్పితిని.

ఇక లెక్కలకు వత్తము. లంచమే లేదనుకొందము. పోటీని గెలిచిన దేశమునకు లాభమా? ప్రసారహక్కుల సొమ్మును, ప్రకటనల సొమ్మును ఫీఫా తీసికొనును. 2022తో ముగిసిన నాలుగేండ్లలో దాని రాబడి 750 కోట్ల డాలర్లు. క్రీడాంగణములు, రోడ్లు, విమానాశ్రయములు, కావలి దళములు ఆతిథ్యదేశపు ఖర్చు. పైగా ఫీఫాకు పన్నుల మినహాయింపు ఇయ్యవలెను. మన పల్లెభాషలో చెప్పినచో, పందిరి మనది, నూనె మనది, హుండీ మాత్రము పరాయివానిది.

1971లో అమెరికాలో చమురునేలల వేలములను పరిశీలించిన ముగ్గురు ఇంజనీర్లు ఒక సత్యము కనుగొనిరి. నేలక్రింద నున్నదెంతో ఎవరికిని తెలియదు, ప్రతివాడును ఊహించును, అందఱికంటె ఎక్కువగా పొరబడి ఊహించినవాడే వేలము గెలుచును. గెలుపులోనే నష్టమున్నది. దీనిని అర్థశాస్త్రజ్ఞులు గెలిచినవాని శాపమందురు. ఆటల వేలములో ఇంకొక చిక్కు గలదు: పాడువాడు తన సొమ్ముతో పాడడు, ప్రజల సొమ్ముతో పాడును, గెలిచిన కీర్తి వానిది, అప్పు ప్రజలది.

దక్షిణాఫ్రికాయందు కేప్‌టౌను నగరమున 440 కోట్ల రాండ్లతో కట్టిన క్రీడాంగణము పోటీల పిమ్మట నగరమునకు నష్టము తెచ్చెను. బ్రెజిలు 2014లో పండ్రెండు క్రీడాంగణములు సిద్ధపఱచెను. అడవినడుమ మనౌసు నగరమున కట్టినదానిలో జరిగినవి నాలుగే ఆటలు. రాజధానిలోని క్రీడాంగణపు ఆవరణ మఱుసటియేడు బస్సులు నిలుపు చోటాయెను. 2013లోనే ఆ దేశప్రజలు, మాకు ఆసుపత్రులును బడులును అంత చక్కగా కట్టుడని వీథులలోనికి వచ్చిరి. 1986 పోటీని ముందుగా పొందిన కొలంబియా దేశము 1982లో, ఈ భారము మావలన కాదని తిరిగి యిచ్చివేసెను. ఆ వెనుకడుగే విజ్ఞతయని నాకు తోచును.

ఖతారు పైరోడ్లు, రైలు మున్నగువానితో కలిపి 20,000 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టెనని లెక్క. దానికి డబ్బున్నది, లేనిది చేతులు. ఆ చేతులు మనవి. తెలంగాణమునందలి కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండియు, మన కడప ప్రాంతమునుండియు గల్ఫు దేశములకు పోవువారెందఱో మీరెఱుగుదురు. మన పడమటి మండలములనుండి వానలు లేనియేట మిరపకోతకును పత్తితీతకును గుంటూరు సీమకు సంసారములు పోవును. వారు ఇంకను దూరము పోయిరి. పోటీ లభించిన పిమ్మటి పదియేండ్లలో భారత, పాకిస్థాన, నేపాళ, బంగ్లాదేశ, సింహళములనుండి పోయిన పనివారిలో 6,500 మందికిపైగా ఖతారునందు మరణించిరని 2021లో ఒక ఆంగ్లపత్రిక లెక్కించెను. వీరందఱును క్రీడాంగణములలో మరణించినవారు కారు. అన్ని కారణములును కలిసిన లెక్క యది. పోటీకి సంబంధించిన పనులలో మరణించినవారు నాలుగైదు వందలుండవచ్చునని ఖతారు అధికారియే 2022లో చెప్పెను. ఏ లెక్కయైనను, శవపేటికకై విమానాశ్రయమున నిలిచిన తల్లికి అది ఒక్కటే.

మన యింటి సంగతి కూడ చెప్పవలెను గదా. 2003 అక్టోబరులో మన హైదరాబాదున ఆఫ్రికా ఆసియా క్రీడలు జరిగినవి. ముందు ఢిల్లీయందు జరుగవలసియుండి వాయిదాపడి, అటు వచ్చినవి. ఆ క్రీడలు మరల ఎన్నడును, ఎక్కడను జరుగలేదు. గచ్చిబౌలి క్రీడాప్రాంగణమందలి అంతస్తుల భవనము 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ఆసుపత్రిగా మార్చబడెను. రోగికి పడకయైనందుకు సంతోషింతును; కాని మొదటనే ఆసుపత్రిగా కట్టినచో బాగుండెడిది గదాయని మనసునకు తోచకపోదు. 2003లోనే జమైకాయందు, 2010 కామన్వెల్తు క్రీడలకై పాడిన పాటలో ఢిల్లీ 46-22తో గెలిచెను. వచ్చెడి 72 దేశములలో ఒక్కొక్కదానికి లక్ష డాలర్లిత్తుమని మనవారు బహిరంగముగనే చెప్పియుండిరి. ఉరుగ్వే ఓడఖర్చు ఇట్లు పెరిగెను! తరువాతి ఖర్చులలోని తప్పులను కంప్ట్రోలరు ఆడిటరు జనరలు 2011 నివేదికలో ఎత్తిచూపెను.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పవలెను. యౌవనమున నేను పనిచేయుచున్న యొక పల్లెలో, పేరు చెప్పను, జాతర లెక్కలు వ్రాయుటకు నన్ను పెట్టుకొనిరి. వేలమునకు ముందటి రాత్రి పాటదారులు నలుగురు ఏకమై, ఎవడు పాడవలెనో, మిగిలినవారు ఎంత పుచ్చుకొని ఊరకుండవలెనో నిర్ణయించుకొనిరి. సంఘపు పెద్దలలో ఇద్దఱికి సొమ్ము ముట్టెను. నాకును ధోవతుల చాపు పంపిరి. దానిని తిప్పి పంపితిని. కాని నోరు విప్పలేదు. ఉదయము వేలములో ఒకే గొంతు వినబడెను. దేవునికి రావలసిన సొమ్ము సగమాయెను. పంచిన సొమ్ము రాబట్టుకొనవలెను గనుక అంగళ్ళ బాడుగ ఇబ్బడియాయెను. ఏటేట గాజులమలారముతో వచ్చు ముసలమ్మ ఆ బాడుగ ఇయ్యలేక గుడివెనుక ఎండలో మూడుదినములు కూర్చుండెను. ధోవతులు తిప్పి పంపితినను గర్వము ఆమెను చూచినప్పుడు పోయినది. డెంప్సీ కథ చదివినప్పుడు ఆ ముసలమ్మయే నాకు గుర్తు వచ్చినది. లంచము తీసికొననివాని మౌనము కూడ లంచగొండికి లాభమే.

దిద్దుబాటు జరుగలేదా? జరిగెను. 2018 జూనులో మాస్కోయందు 2026 పోటీని అన్ని దేశముల సంఘములును వోటు వేసి నిర్ణయించినవి. అమెరికా, కెనడా, మెక్సికోలకు 134, మొరాకోకు 65. ఎవరు ఎవరికి వేసిరో లోకమునకు తెలిపిరి. తువ్వాల తీసివేసిరి. కాని 2024 డిసెంబరు 11న 2030, 2034 పోటీలు రెండును పోటీ లేకయే పంచబడెను. 2034కు సౌదీ అరేబియా యొక్కటియే నిలిచినది. వోటునకు బదులు చప్పట్లు కొట్టిరి. ఒకే గొంతు వినబడు వేలమెట్టిదో నేనెఱుగుదును. అందుచే నా శంక తీరలేదు.

ఈ దూరపు కథ మనకేల? మన దేశము ఇట్టి పాటలలో దిగుచున్నది. 2030 కామన్వెల్తు క్రీడలు అహమ్మదాబాదునకు లభించినవి. 2036 ఒలింపిక్కులకును కోరిక తెలిపితిమి. క్రీడలు వలదని నేననను. బాలురు ఆడవలెను, బాలికలు ఆడవలెను. కాని పెద్ద క్రీడాంగణమైనను, పల్లెలో జాతరపందిరి యైనను, మూడు ప్రశ్నలు నలుగురిలో అడుగవలెను. పాట నలుగురెదుట జరిగినదా? హుండీ ఎవరిది, నూనెఖర్చు ఎవరిది? జాతర ముగిసిన మఱునాడు ఆ పందిరిలో ఎవరు కూర్చుందురు?

ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకారసంఘమును నెలకొల్పిరి. సహకారసంఘమున మగ్గములెన్ని యున్నను సభ్యునికి వోటు ఒక్కటే. చిట్టా అందఱికిని చూపవలెను. ఈ నియమము జూరిచ్‌లోని పెద్దలకు నూఱేండ్లకును పూర్తిగా పట్టుబడలేదు; మన నేతగాండ్రకు ఎనుబదియేండ్లకు పూర్వమే తెలిసినది. రహీముగారివంటి బడిపంతులునకు ఒక మైదానమును, నాలుగు బంతులను ఇచ్చినచో ఆట పెరుగును. దానికి వేలంపాట అక్కఱలేదు.

మా వీధి కుఱ్ఱవానికి ఈ కథయంతయు చెప్పితిని. అంతయు విని, “అయితే సారూ, మన బడిలో బంతి యెప్పుడు కొందురు?” అని అడిగెను. ఆ ప్రశ్నను మీకప్పగించి సెలవు తీసికొనుచున్నాను.